అరువు గాలి

తొంభైల చివర్లో మా ఆయన పత్తి మానేస్తానంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. పచ్చపురుగు వరసగా మూడేళ్ళు కాయల్ని తొలిచేసింది. ఏ మందు కొట్టినా చచ్చేది కాదు. అయినా తొలకరి పడగానే ఊరు ఊరంతా మళ్ళీ విత్తనాల కొట్టు ముందు నిలబడేది. మూడేళ్ళూ ఆయనా నిలబడ్డాడు. నాలుగో ఏడు నిలబడలేదు. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మా అత్తగారు నా వంక చూస్తూ అంది, ఆ బుద్ధి నేనే నూరిపోసినట్టు. నేను నూరిపోయలేదు గానీ, పత్తి మానేస్తానన్న మాట ఆయన నోట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది నిజం. మందు కొట్టి వచ్చిన రోజు ఆయన చొక్కా విడిగా ఉతికేదాన్ని. ఎన్నిసార్లు జాడించినా ఆ కంపు వదిలేది కాదు.

ఉన్న పొలం అమ్మేసి, అద్దంకి నుంచి గుంటూరు వెళ్ళే రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేశాడు. ఇక వెనక్కి వెళ్ళాలంటే సొంత చేను కూడా లేదు, ఎవరిదో ఒకరిది కౌలుకు తీసుకోవాలి. షెడ్డు నిలబడితే మేం బయటపడ్డట్టు. నిలబడకపోతే మళ్ళీ పత్తే, అదీ ఒకరి చేలో. ఈ సంగతి మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు గానీ, షెడ్డుకు గుంజలు పాతిన రోజు నుంచీ ఇద్దరికీ తెలుసు.

షెడ్డులో చేసేది బీరువాలు. ఇనప బీరువా లేని పెళ్ళి మా వైపు లేదు. మంచం, పరుపులు, వంటసామాను, బీరువా అన్నీ ట్రాక్టరెక్కి ఊరంతా చూస్తుండగా పెళ్ళికూతురు వెంట వెళ్ళాలి. మంచం విప్పి పడుకోబెడతారు, పరుపులు చుట్టేస్తారు, నిలబడి కనపడేది బీరువా ఒక్కటే. కాబట్టి అందరూ చూసేదీ దాన్నే, అందులోనూ దాని రంగునే. లోపల అరలు సరిగ్గా ఉన్నాయా, తాళం గట్టిదా అన్నది ఆ పిల్ల కాపరానికి వెళ్ళాక తెలుసుకుంటుంది.

షెడ్డు వేయకముందే గుంటూరులో ఒక బీరువాల కార్ఖానాలో ఏడాదిన్నర చేసి పని నేర్చుకున్నాడు మా ఆయన. షీటు వంచడం, వెల్డింగు, అరలు బిగించడం, తాళం కూర్చడం అన్నీ వచ్చు. ఆయన చేసిన తలుపు వేస్తే దడేల్మనేది కాదు, మెత్తగా కూర్చునేది. నేను మెచ్చుకోవడం కాదు, నేను మెచ్చుకునే రకం కాదని ఆయనే చెబుతాడు. కానీ రంగు పని మాత్రం నేర్చుకోలేదు. ఆ కార్ఖానాలో రంగు వేసే గది వేరుగా ఉండేదట. దుమ్ము వస్తుందని ఎవర్నీ లోపలికి రానిచ్చేవారు కాదట. మొదటి ఏడాది బీరువా కట్టి, రంగుకు ట్రాక్టరు మీద అద్దంకి పంపేవాళ్ళం. అక్కడ రంగు బాగానే వేసేవాడు. తిరిగి వచ్చే దారిలో తాళ్ళు రాసుకుని, గోతుల్లో ఒరుసుకుని మా గుమ్మంలోకి వచ్చేసరికి దాని మొహం పిల్లి రక్కినట్టుండేది. అందుకని సొంతంగా గాలి పట్టే కంప్రెసరు, ఆ గాలితో రంగు చిమ్మే గన్ను కొని రంగు మనమే వేసుకుందామన్నాడు.

ఆయన కంప్రెసరు కొన్న తీరు చెప్పాలి. పత్తి రైతుకు మందు కొట్టే పంపు కొనడం ఎవరూ నేర్పక్కర్లేదు. పంపు ఆన్ చేసి, కొళాయి కట్టేసి, మీటరు ముల్లు ఎంత దాకా ఎగబాకుతుందో చూస్తాడు. తర్వాత గొట్టం మూతి మీద బొటనవేలు అదిమి పెడతాడు. వేలిని ఎంత గట్టిగా తోస్తే అంత మంచి పంపు. మా వైపు ఏ రైతును నిద్రలో లేపి అడిగినా ఇదే చెబుతాడు. మా ఆయన ఒక్కడే గుంటూరు వెళ్ళి, పాత మిషన్లు అమ్మే చోట ఒక కంప్రెసరుకు ఇదే పరీక్ష పెట్టాడు. ముల్లు నూట యాభై పౌన్లు దాటింది. బొటనవేలు నిలవలేదు. గన్ను అమ్మినవాడు, దీనికి యాభై పౌన్లు చాలండి అన్నాడట.

"దానికి యాభై చాలు, ఇది నూట యాభై కొడుతుంది. మూడు గన్నులైనా నడుపుతుందే!" అన్నాడు ఇంటికొచ్చి, ఆ బొటనవేలు నాకు చూపిస్తూ. లెక్క నాకూ సరిగ్గానే అనిపించింది. మా అత్తగారు పసుపూ కుంకుమా పెట్టి మిషనుకు కొబ్బరికాయ కొట్టింది.

మొదటి బీరువాకు రంగు వేసిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. గుంటలు పూడ్చే లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, అడుగు రంగు పూసి అంతా సిద్ధం చేశాం. నా పని మీటరు ముల్లు చూస్తూ ఉండటం. ఆయన మూతికి తువ్వాలు చుట్టుకుని గన్ను మీట నొక్కాడు. తెల్లవారుజాము మంచు పడ్డట్టు సన్నగా, తడితడిగా రంగు పడింది. జానెడు మేర, మూరెడు మేర తలుపు మెరవడం మొదలుపెట్టింది. నేను నోరు తెరుచుకుని అదే చూస్తున్నాను గానీ ముల్లు చూడటం లేదు. ఇంతలో గన్ను గొంతు మారింది. సుయ్యిమనేది కాస్తా గరగరలాడింది. సన్నటి పొగలా పడాల్సిన రంగు చుక్కలు చుక్కలుగా ఉమ్మడం మొదలుపెట్టింది. ముల్లు చూస్తే నూట యాభై మీద ఉన్నది ముప్ఫైకి జారిపోయింది. మోటారు మాత్రం పాపం ఆయాసపడుతూ తిరుగుతూనే ఉంది.

ఆగాడు. ట్యాంకు మళ్ళీ నిండటానికి ఒక టీ తాగి వచ్చేంత సేపు పట్టింది. ఈలోగా అప్పటిదాకా వేసిన రంగు అంచు ఆరిపోయింది. ఆరిన అంచు మీద తడి రంగు పడేసరికి అడ్డంగా చార కట్టింది. మళ్ళీ మూరెడు, మళ్ళీ ఉమ్మడం, మళ్ళీ ఆగడం. ఆరంభశూరత్వం మనుషులకే ఉంటుందనుకునేదాన్ని, మిషన్లకూ ఉంటుందని ఆ రోజే తెలిసింది. సాయంత్రానికి తలుపుల నిండా చారలు, చారల మధ్య బత్తాయి తొక్క మీద ఉన్నట్టు సన్న గుంటలు. అరచెయ్యి పెడితే గరుకు తగిలింది.

ఆయన మొదట రంగును తిట్టాడు. తర్వాత థిన్నరు కల్తీదన్నాడు. తర్వాత ఎండ ఎక్కువన్నాడు. నేను ముల్లు సరిగ్గా చూడటం లేదని కూడా అన్నాడు. ముల్లును నేను ఊడబెరికానా అని నేనూ అన్నాను. ఆఖరికి దిష్టి అన్నాడు, షెడ్డుకు నిమ్మకాయ కట్టాడు. ప్రతి బీరువానూ ఉప్పుకాగితంతో మళ్ళీ రుద్ది మళ్ళీ రంగు వేసేవాళ్ళం. రుద్దేది నేనే. వేళ్ళ చివర తోలు పోయి అన్నం కలుపుకుంటే పచ్చిమిరపకాయ కారం భగ్గుమనేది. ఆ రంగు మొహాలతోనే ఏవో నాలుగు బీరువాలు తెలిసినవాళ్ళు మొహమాటానికి తీసుకెళ్ళారు.

మా షెడ్డుకు ఎదురుగా రోడ్డుకు అవతల లారీల పంక్చరు షాపు ఉండేది. అతను మా ఆయనతో చిన్నప్పటి నుంచీ తిరిగినవాడు, నన్ను చెల్లెమ్మా అనేవాడు. మా మోటారు పొద్దస్తమానం ఆగకుండా మొత్తుకోవడం విని ఒకరోజు ఇటు దాటి వచ్చాడు. మా ఆయన గన్ను నొక్కుతుంటే చేతులు కట్టుకుని నిలబడి చూశాడు. ముల్లు పడిపోవడం చూశాడు, మళ్ళీ లేవడానికి పట్టే సేపూ చూశాడు. ఇది ఎక్కడ కొన్నావని అడిగాడు. నన్ను తీసుకెళ్ళకుండా ఎందుకెళ్ళావని తిట్టాడు. ఆ తర్వాత అన్న మాట ఇది:

"ఒరేయ్, బావి నిండుగా ఉందని మోటారు బిగించావురా. ఊట ఎంతుందో చూడొద్దా?"

ముల్లు చెప్పేది ట్యాంకులో గాలి ఎంత బిగుసుకుని ఉందో అంతే. గన్ను మీట నొక్కి పట్టుకున్నంత సేపూ అది గాలిని తాగుతూనే ఉంటుంది. తాగిన గాలిని తాగినట్టు మిషను మళ్ళీ పుట్టించాలి. నిమిషానికి ఎంత గాలి పుట్టిస్తుందన్నది వేరే లెక్క, దాన్ని ముల్లు చూపించదు. ఈ గన్ను నిమిషానికి తొమ్మిది ఘనపుటడుగుల గాలి తాగే రకమైతే, ఈ మిషను నాలుగు పుట్టిస్తే గొప్ప. ఇది సైకిలు ట్యూబులకు గాలి కొట్టుకునే మిషను, ఒక్కసారి బలంగా తోస్తుంది, అంతే. ఇదంతా అతను ఇంకా చాలా తిట్లతో కలిపి చెప్పాడు.

మా ఆయన అక్కడే రంగు డబ్బా మీద కూర్చుండిపోయాడు. పొలం కొనేటప్పుడు బావి ఊట ఎంతో పదిమందిని అడగకుండా బయానా ఇవ్వని మనిషి. నిండా నీళ్ళున్న బావి రెండు తడులకే అడుగంటితే ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.  లేచి, షెడ్డుకు కట్టిన నిమ్మకాయ తెంపి రోడ్డు మీదికి విసిరేశాడు.

ఊట లేదని తెలిశాక చేయగలిగినవన్నీ చేశాం. ప్రతి అతుకు దగ్గరా సబ్బు నురగ రాసి, బుడగ వచ్చిన చోటల్లా బిగించాం. పొడుగు గొట్టంలో గాలి బలం పోతుందంటే గొట్టం సగానికి కోశాం. సన్న గొట్టం తీసేసి లావుది వేశాం. కొంచెం మెరుగైంది, మూరెడు పడేది బారెడు పడింది. బీరువా తలుపు బారెడుతో అయ్యేది కాదు. తక్కువ గాలి తాగే చిన్న గన్ను కూడా తెచ్చాడు, మోటారు సైకిళ్ళ ట్యాంకులకు రంగు వేసేది. దానికి మా గాలి సరిపోయింది. కానీ దాని మూతి సన్నం. పైనుంచి మొదలుపెట్టి తలుపు కింది దాకా వచ్చేసరికి పై రంగు ఆరిపోయేది. గన్నుకు గాలి సరిపోతే తలుపుకు గన్ను సరిపోలేదు. పెద్ద కంప్రెసరు వేద్దామంటే దాని మోటారుకు మూడు ఫేజుల కరెంటు కావాలి. మా షెడ్డు దాకా వచ్చిన తీగలో ఉన్నది ఒక్క ఫేజు. పైగా అంత మిషను మా తాహతుకు మించింది.

సరిగ్గా అప్పుడే అద్దంకిలో ఫర్నిచరు కొట్టు ఉన్న షావుకారు మా బీరువా ఒకటి ఎవరింట్లోనో చూశాడట. మా ఆయన్ని కబురు పెట్టి పిలిపించాడు. తలుపు కూర్చున్న తీరు, తాళం పడే తీరు షావుకారుకు బాగా నచ్చాయి. రంగే ఏడ్చిన మొహంలా ఉందన్నాడు. మంచి రంగుతో ఒకటి చేసి తెచ్చి చూపించమన్నాడు, నచ్చితే మాఘమాసం నుంచి వైశాఖం దాకా ఆ కొట్టు నుంచి వెళ్ళే బీరువాలన్నీ మా దగ్గరే తీసుకుంటానన్నాడు. మా ఆయన ఆ మాట మోసుకుని సైకిలు మీద వచ్చి, దిగకుండానే నాకు చెప్పాడు. ఆ ఒక్క బీరువా బాగా వస్తే ఇక మాకు కౌలు మాట ఉండదు. రాకపోతే ఏమిటన్నది ఇద్దరం అనుకోలేదు.

పంక్చరు షాపు అన్నయ్యే ఉపాయం చెప్పాడు. ఒక బావిలో ఊట చాలకపోతే రెండు బావుల నీళ్ళు ఒక కాలవలో కలుపుకోమా అన్నాడు. అతని కంప్రెసరు పెద్దది, లారీ టైర్లకు కొట్టేది, కరెంటుతో పని లేకుండా ఇంజనుతో నడిచేది. చక్రాలున్నాయి కాబట్టి ఒక తెల్లవారుజామున ఇద్దరూ కలిసి రోడ్డు దాటించి తోసుకొచ్చారు. మూడు మూతుల ఇత్తడి ముక్క ఒకటి తెచ్చి, రెండు మూతులకు రెండు మిషన్ల గొట్టాలు, మూడోదానికి గన్ను గొట్టం బిగించారు. నేను నేల తడిపి, చుట్టూ పాత చీరలు కట్టాను. గాలి లేదు, దుమ్ము లేదు, రోడ్డు మీద బండి లేదు.

ఆయన మీట నొక్కాడు. నేను ఈసారి తలుపు చూడలేదు, ముల్లే చూశాను. అది మెల్లగా దిగుతూ వచ్చింది. వంద, ఎనభై, డెబ్భై. నా గుండె దానితోపాటే దిగింది. అరవై దగ్గర ఆగింది. ఆగి అక్కడే ఉంది. నేను ఆగండి, ఆగండి అని అరవడానికి అలవాటుపడ్డదాన్ని, నా సంసారంలో ఆయన్ని అంతగా ఆగమన్నది ఇంకెందులోనూ లేదు. ఆ రోజు నాకు అనాల్సిన మాట లేకపోయింది. ఆయన పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చెయ్యి ఆపకుండా తలుపులు, పక్కలు, పైభాగం అన్నీ ఒక్క ఊపున ముగించాడు.

నెమలికంఠం రంగు. తుది పూత ఆరేదాకా ముగ్గురం దాని ముందే నిలబడ్డాం. ఒక చార లేదు, ఒక గుంట లేదు. కట్టిన చీరల పూలు తలుపులో కనపడ్డాయి. ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు గానీ, తుడుచుకున్నది రంగు కాదని నాకు తెలుసు. పెళ్ళయినప్పటి నుంచి నేను అంత సంతోషపడ్డ పొద్దు ఇంకోటి లేదు.

షావుకారు దాన్ని వాకిట్లో నిలబెట్టించి, తలుపులో మీసం చూసుకుని, అలాంటివి వరసగా పంపమన్నాడు. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయిందని మా అత్తగారు వీధి వీధికీ చెప్పింది. నాకు మాత్రం మా అమ్మ అనే మాట ఒకటి చెవిలో జోరీగలా తిరిగింది, అరువు సొమ్ము బరువు చేటని. అన్నయ్య మిషను రోజూ ఇస్తాడా అని అడిగాను. "వాడు నాకు లేదంటాడా?" అన్నాడు మా ఆయన. నిజమే, లేదనే మనిషి కాదు.

లేదనకపోయినా ఇవ్వలేకపోయాడు. మాకు పెళ్ళిళ్ళు ఏ నెలల్లోనో, మిరపకాయలు గుంటూరు యార్డుకు వెళ్ళేదీ ఆ నెలల్లోనే. కల్లాల్లో ఎండిన కాయ గోనె టిక్కీల్లో తొక్కి, ఆ టిక్కీలు ఆకాశమెత్తు వేసుకుని లారీలు మా షెడ్డు ముందు నుంచే వెళ్ళేవి. అంత బరువుకు, ఆ ఎండకు టైర్లు పేలేవి. అన్నయ్య షాపు ముందు ఎప్పుడు చూసినా ఒక లారీ ఒరిగి ఉండేది, దాని వెనక ఇంకోటి ఎదురుచూసేది. వాళ్ళకు యార్డులో వేలంపాట మొదలయ్యేలోగా చేరాలని తొందర. అతనికి ఏడాది తిండి ఆ నాలుగు నెలల్లోనే. తెల్లవారుజామున వస్తాడనుకుంటే అప్పటికే లారీ నిలబడి ఉండేది. డ్రైవర్లు అన్నాలు తిని చెట్టు కింద నడుం వాల్చే మిట్టమధ్యాహ్నం మాత్రం గంటో గంటన్నరో మిషను తోసుకొచ్చేవాడు.

మిట్టమధ్యాహ్నం గాలి కొలిమి మీద నుంచి వచ్చినట్టుండేది. గన్ను నుంచి బయలుదేరిన రంగు తలుపు చేరేలోగా దారిలోనే ఆరి, ఇసక చల్లినట్టు పడేది. అదృష్టం బాగుండి ఒక తలుపు నున్నగా వస్తే, రెండో తలుపు సగంలో ఉండగా రోడ్డు మీద హారను మోగేది. "చెల్లెమ్మా, ఏం చెయ్యనమ్మా, లారీవాడు నిలబడి ఉన్నాడు" అని అన్నయ్య గొట్టం విప్పుకుని వెళ్ళేవాడు. మిగతా సగం మా సైకిలు ట్యూబుల మిషనుతో. ఒక తలుపు షావుకారు కొట్టులోని బీరువాలా, రెండో తలుపు మా పాత బీరువాల్లా వచ్చేవి. రుద్ది మళ్ళీ వేద్దామంటే ముహూర్తాలు ఆగవు. నాకు అందరి మీదా కోపం వచ్చింది. లారీల మీద, మిరపకాయల మీద, ఆ ముహూర్తాల మీద. తప్పు ఎవరి మీదా వేయలేక వచ్చిన కోపం అది, దానికి మందు లేదు.

మొదటి విడత బీరువాలు ట్రాక్టరెక్కించి, మధ్యలో గోనెపట్టాలు పెట్టి, అవి జారకుండా పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను. షావుకారు వాటిని దింపించి, మా నెమలికంఠం బీరువా పక్కన వరసగా నిలబెట్టించాడు. దాని మీద అరచెయ్యి వేశాడు, వీటి మీద వేశాడు. మళ్ళీ దాని మీద వేశాడు. కోపంగా ఏమీ లేడు. కుర్చీలో కూర్చుని మా ఆయన్ని దగ్గరికి పిలిచాడు.

"ఏమయ్యా, నిజం చెప్పు. అది నువ్వు చేసింది కాదు. చేసినవాడెవడో చెబితే వాడి దగ్గరే తీసుకుంటాను, నిన్నేమీ అనను."

"నేనే చేశానండి," అన్నాడు మా ఆయన. "గాలొక్కటే నాది కాదు."

షావుకారుకు అర్థం కాలేదు. ఈయనకు ఎండదెబ్బ ఏమైనా తగిలిందా అన్నట్టు నా వంక చూశాడు. నేను ఊరుకోలేకపోయాను. రెండు మిషన్లు కలిపిన సంగతి, ఊట సంగతి, లారీల సంగతి, అన్నీ చెప్పాను. నా గొంతు పెద్దదైంది, కొట్టులో బేరానికి వచ్చినవాళ్ళు తిరిగి చూశారు. షావుకారు ఓపిగ్గా విన్నాడు. విని, "ఏదైతేనేమమ్మా, నాకు ఇలాంటివి కావాలి, అలాంటివి కాదు" అన్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. మంచిది ఒక్కటి ఉంచుకుని మిగతావి మళ్ళీ ట్రాక్టరెక్కించాడు.

దారి పొడుగునా మా ఆయన బీరువాల మధ్య నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ బీరువాలు తర్వాత గింజలు దాచుకోవడానికనీ, ఎలుకలు పడకుండా బట్టలు పెట్టుకోవడానికనీ పల్లెల్లో ఒక్కొక్కటే పోయాయి. పెళ్ళికి మాత్రం ఒక్కటీ పోలేదు. ఇంకో ఏడాది నెట్టుకొచ్చాం. చిన్న బల్లలు, కిటికీ చట్రాలు, గేట్లు, కుంచెతో రంగు వేసినా సరిపోయేవి. ఆ పని చేసేవాళ్ళు మా చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. ఈలోగా గుంటూరులో పొడి రంగు చల్లి పొయ్యిలో పెట్టి కాల్చే బీరువాలు వచ్చాయని చెప్పుకున్నారు. అవి గోకినా పోవట. తొలకరికి ఒక సాయంత్రం మా ఆయన ఇంటికొస్తూ చంకలో పత్తి విత్తనాల పొట్లాలు పెట్టుకొచ్చాడు. ఎవరి చేను కౌలుకు మాట్లాడాడో అప్పుడు చెప్పాడు. నేను సరేనన్నాను.

ఆ ఏడు మాఘమాసంలో మా ఆడపడుచు అత్తవారి వైపు ఒక పెళ్ళికి వెళ్ళాను. ఆఖరి తీత పత్తి ఉందని మా ఆయన రాలేదు. వరండాలో సామానంతా సర్ది, ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఎవరో బీరువా మీది దుప్పటి తీశారు. నెమలికంఠం రంగు. షావుకారు దాన్ని వచ్చినవాళ్ళకు చూపించడానికి దాదాపు రెండేళ్ళు కొట్టు ముందే ఉంచుకున్నాడట, పెళ్ళికూతురు తండ్రి పట్టుబట్టి అదే కావాలని తెచ్చుకున్నాడట. నేను గుర్తుపట్టడానికి రంగు కూడా అక్కర్లేదు. తలుపు వేసి చూసినావిడ చేతికింద అది మెత్తగా కూర్చున్న చప్పుడు చాలు.

ఎంత నునుపో, మొహం కనిపిస్తోందని ఒకరు, గుంటూరు సరుకు గుంటూరు సరుకేనని ఇంకొకరు అన్నారు. నేను చెబుదామని నోరు తెరిచాను. కానీ చెబితే తర్వాత అడిగే మాట ఏమిటో నాకు తెలుసు. మాకూ ఇలాంటిది ఒకటి చేసిపెట్టమంటారు. అప్పుడు మా ఆయన ఎక్కడున్నాడని చెప్పను? నోరు మూసుకున్నాను.

నా పక్కన కూర్చున్న పెద్దావిడకు ఏదో గుర్తొచ్చింది. "మీ ఆయన కూడా బీరువాలు చేసేవాడు కదూ?" అంది.

"చేసేవారండి," అన్నాను.

"ఇలాంటివి చేసి ఉంటే నిలబడేవాడమ్మా," అంది ఆవిడ, జాలిగానే.

"అవునండి," అన్నాను. "ఇలాంటివి చేసి ఉంటే నిలబడేవారు."